మనదే గానీ మనది గాదు

వరంగల్ మట్టెవాడలో వెంకట్రాజం ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఫికర్ రాజం ఇల్లు అంటే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గడపలో దించి వస్తారు. మబ్బు పడితే గోడ కూలుతుందని ఆయనకు ఫికర్. మబ్బు పడకపోతే బావి ఎండుతుందని ఫికర్. ఏ ఫికరూ దొరకని రోజున, దేన్నో మరిచిపోయానేమోనని ఫికర్.

భార్య కట్టమ్మ మాత్రం దేనికీ ఫికర్ చేయదు. ఇంటికి ఒక్కరు చేస్తే చాలదా అంటుంది.

వీధి వీధీ తిరిగి నల్లా పన్ను వసూలు చేయడం వెంకట్రాజం ఉద్యోగం. "సర్కారు సొమ్ము ఎగ్గొడితే కండ్లు పోతయ్" అని ప్రతి గడప దగ్గరా ఉచితంగా శాపం పెట్టి మరీ రసీదు రాసేవాడు. అలాంటి మనిషి సర్కారు కళ్ళుగప్పి ఒక వస్తువు కొనాలనుకున్నాడంటే, ఆ వస్తువు ఆయన్ని ఎంతగా ఊరించి ఉంటుందో చూడండి.

ఆ వస్తువు టూ-ఇన్-వన్. రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఒకే పెట్టెలో. జపాన్‌ది. అప్పటికి, అంటే ఎనభై రెండులో, అది కువైట్‌లో ఉంది.

పక్కింటి గౌస్ పాషా ఆయనకు చిన్ననాటి దోస్తు. కువైట్‌లో ఒక సేఠ్ ఇంట్లో కారు నడుపుతాడు. కొత్త పెట్టె కొనుక్కున్నాను, పాతది అమ్ముతాను అని ఉత్తరం రాశాడు. వెంకట్రాజానికి ఆ పూట అన్నం సహించలేదు. రేడియో వాళ్ళు వేసినప్పుడు కాకుండా, తనకు బుద్ధి పుట్టినప్పుడు పాట వినాలన్నది ఆయన పదేళ్ళ కోరిక. పెట్టె రాకముందే చౌరస్తాకు పోయి పాత పాటల క్యాసెట్ ఒకటి కొని తలగడ కింద పెట్టుకున్నాడు.

బేరం ఎనిమిది నెలలు నడిచింది, అంతా ఉత్తరాల మీదే. బేరంలో తగ్గిందంతా స్టాంపుల్లో పోయిందని కట్టమ్మ లెక్క తేల్చింది. చివరికి ధర కుదిరింది గానీ, గౌస్ పాషా ఉత్తరం అడుగున ఒక పిడుగు పెట్టాడు.

"నా సొంతానికి వాడుకున్న పాత సామాను అని తెస్తే సుంకం పడదంట. నీకు అమ్మిన అని చెప్తే సుంకమే పెట్టె ధర అంత పడ్తదంట. ఎట్ల తేవాల్నో నువ్వే చెప్పు."

వెంకట్రాజం ఉత్తరం పట్టుకుని ఉప్పలయ్య దగ్గరికి పరుగెత్తాడు. ఉప్పలయ్య వకీలు కాదు. ఇరవై ఏళ్ళుగా ఒక వకీలు గారి కాగితాల కట్టలు కోర్టుకు మోస్తున్నాడు. మోసి మోసి, చట్టం తలకెక్కకపోయినా భుజానికైతే ఎక్కింది.

"సొంతానికని తెచ్చి ఇంకొకనికి అమ్మితే ఏమైతదో ఎరుకేనా?" అన్నాడు ఉప్పలయ్య, హోటల్లో కూర్చుని.

"ఏమైతది?"

"పెట్టె గుంజుకపోతరు. సుంకం కట్టుమంటరు. దండుగ కట్టుమంటరు. అమ్మినోన్ని, కొన్నోన్ని ఇద్దర్ని కలిపి..." అని ఆగి చాయ్ గుక్క వేశాడు.

"ఇద్దర్ని కలిపి?"

"చాయ్ అయిపోయిందే."

వెంకట్రాజం ఇంకో చాయ్ చెప్పాడు. దాంతోపాటు సమోసా కూడా చెప్పాడు, జైలు కొంచెం దూరమవుతుందేమోనని.

"కొంటెనే గద తప్పు? కొననే కొనకు," అన్నాడు ఉప్పలయ్య. "స్టాంప్ కాగితం మీద రాసుకోండ్రి. ఈ పెట్టె గౌస్ పాషాది, నా దగ్గర అమానతు ఉన్నది, వాళ్ళింటోళ్ళు ఎప్పుడడిగితె అప్పుడు మారు మాట లేకుంట ఇచ్చేస్త అని. రెండు కాపీలు. నీ దగ్గరొకటి, వాళ్ళింట్ల ఒకటి. ఇగ కస్టమ్సోడు గాదు, వాని తాత వచ్చినా నీ పెట్టె జోలికి రాడు."

"నా పెట్టె గాదు గదనే?"

"శబాష్! గట్లనే అనాలె."

ఎండాకాలంలో గౌస్ పాషా సెలవు మీద వచ్చాడు. పైసలు తీసుకున్నాడు, పెట్టె ఇచ్చాడు, స్టాంప్ కాగితం చదివి కడుపు పట్టుకుని నవ్వాడు.

"అరే రాజం, ఇది సదువుతుంటే నీ పైసలు నేనే మింగినట్టున్నదిరా!"

"నవ్వకు. దస్కతు పెట్టు. అమ్మిన ముచ్చట మీ అమ్మకు గూడ చెప్పొద్దు. ఒట్టు వెయ్యి."

గౌస్ పాషా ఒట్టు వేశాడు. కాగితం ఒక కాపీ ఆయన తల్లి తాహెరా బేగం సందూకులోకి పోయింది. నెల తిరగ్గానే ఆయన కువైట్‌కు పోయాడు. పెట్టె వెంకట్రాజం ఇంట్లో మిగిలింది.

"ఇది మనదేనా?" అని అడిగింది కట్టమ్మ, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి.

"మనదే. గానీ మనది గాదు."

"అంటే?"

"ఇంట్ల మనది. వాకిట్ల గౌస్‌ది."

"మరి కిటికీ కాడ?"

వెంకట్రాజం లేచి కిటికీ మూశాడు.

ఆ రోజు నుంచి కిటికీ తెరుచుకోలేదు. పాట వినాలనిపిస్తే పెట్టె మీద బొంత కప్పి, తల కూడా బొంతలోకి దూర్చి, వాల్యూం ఒకటి దాటకుండా వినేవాడు. అసలే రోహిణి కార్తె. రెండు పాటలయ్యేసరికి ఉడికిన చిలగడదుంపలా బయటికి వచ్చేవాడు.

"పాట మంచిగున్నదా?" అనేది కట్టమ్మ.

"ఏమో, సైకిల్ బెల్లు వినవడితే ఆపేసిన. ఎవలొచ్చిండ్రు?"

"పాలాయన."

"పాలాయననేనా? మంచిగ జూసినవా?"

"పాలు పోసిండు. కస్టమ్సోళ్ళు పాలు పోస్తరా?"

అయినా ఆయన నమ్మకం ఆయనది. వీధిలో ఎవరు పెట్టె సంగతి ఎత్తినా, ఎత్తకపోయినా, "మాది గాదు, గౌస్‌ది, అమానతు" అని తానే చెప్పేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని వాళ్ళకు కూడా చెప్పాడు. కూరగాయల పూలమ్మకైతే రెండుసార్లు చెప్పాడు. కస్టమ్స్ వాళ్ళు రాకుండా చూస్తే మేడారం జాతరలో తన ఎత్తు బెల్లం తూచి ఇస్తానని సమ్మక్కకు మొక్కుకున్నాడు కూడా.

"ఈ ఫికర్‌తోటి సగమైనవ్. ఇంకొన్ని దినాలు ఆగు, బెల్లం ఇంక తక్కువ పడ్తది," అంది కట్టమ్మ.

ఇలా ఉండగా ఒకనాడు తాహెరా బేగం, కోడలు అనీస్ బేగాన్ని, రెండేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో క్యాసెట్ ఉంది.

"రాజం బేటా, గౌస్ మాటలు నింపి పంపిండు. మా పెట్టెల జర వెయ్యి."

చదువు రాని తల్లులకు గల్ఫ్ కొడుకులు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపే రోజులవి. అంతకుముందు ఆమె వాటిని చౌరస్తాలో రేడియో షాపుకు తీసుకుపోయి వేయించుకునేది. "కడుపు నొస్తాంది అమ్మీ" అని కొడుకు అంటే షాపులో ఉన్న పదిమందీ తలా ఒక మందు చెప్పేవారు. ఇప్పుడు సొంత పెట్టె ఉండగా షాపుకు పోవడమెందుకు?

'మా పెట్టె' అన్న మాటకు వెంకట్రాజం గుండె కలుక్కుమంది. కానీ తేలు కుట్టిన దొంగ అరవగలడా? నోరు మూసుకుని క్యాసెట్ వేశాడు.

గౌస్ పాషా గొంతు వినగానే తాహెరా బేగం కొంగుతో కళ్ళొత్తుకుంది. మనవరాలు గబగబా పెట్టె వెనక్కి పోయి, అక్కడ నాన్న లేడని మళ్ళీ ముందుకు వచ్చింది. అది చూసి కట్టమ్మ కూడా ముక్కు చీదింది.

మర్నాడు కూడా వచ్చారు. ఆ మర్నాడు కూడా. క్యాసెట్ ఒక్కటే, వినడం మాత్రం రోజూ. వారం తిరిగేసరికి గౌస్ పాషా ఎక్కడ దగ్గుతాడో, ఎక్కడ కారు హారన్ వినిపిస్తుందో వెంకట్రాజానికి కంఠతా వచ్చేసింది. ఆయన పాత పాటలు తలగడ కిందకే తిరిగి పోయాయి.

"పెట్టె గౌస్‌దంటివి. అండ్ల గొంతు గూడ గౌస్‌దే. ఇగ ఇండ్ల నీదేమున్నదయ్యా?" అంది కట్టమ్మ.

"కరెంటు బిల్లు."

వానలు పడ్డాక ఒక ఆదివారం పొద్దున్నే, వెంకట్రాజం లుంగీ మీద ఉండి పళ్ళు తోముకుంటున్నాడు. తెల్ల చొక్కా, కళ్ళజోడు, చంకలో సంచీ ఉన్న ఒక కొత్త మనిషి వీధి మొదట్లో పూలమ్మను అడగడం వినబడింది.

"ఈ గల్లీల ఫారిన్ పెట్టె ఎవరింట్ల ఉన్నదమ్మా?"

"మా ఫికర్ రాజం ఇంట్ల సారూ. ఆయనది గాదంట గానీ," అంది పూలమ్మ, రెండుసార్లు విన్న మాట కదా.

వెంకట్రాజం నోట్లో నురగ నోట్లోనే ఉండిపోయింది. ఒక్క దూకున ఇంట్లోకి పోయి పెట్టెను రెండు చేతులా ఎత్తాడు. ముందు వడ్ల గుమ్మిలో పెట్టబోయాడు, పట్టలేదు. నీళ్ళ కాగులో పెట్టబోయాడు, కట్టమ్మ అరిచింది. ఇక మిగిలింది పక్కింటి గోడ.

"ఏడికి పోతానవయ్యా!"

"వాళ్ళది వాళ్ళకిస్తాన!"

పెట్టె మీద కట్టమ్మ చీర కప్పి గోడెక్కాడు. ఏరియల్ దండేనికి తగులుకుని, ఆరేసిన బట్టలన్నీ ఆయన వెంట ఊరేగింపుగా కదిలాయి. గోడ మీద కాలు జారి, పట్టు కోసం తడుముకునేసరికి ఏదో బొత్తాం నొక్కుకుపోయింది. బ్యాటరీలు నిన్ననే వేశాడు. చీరలోంచి గౌస్ పాషా గొంతు వీధి వీధంతా వినబడేలా మొదలైంది. "అమ్మీ, సలాం! ఇక్కడ అందరు మంచిగున్నరు!"

కొత్త మనిషి కళ్ళజోడు సర్దుకుని గోడ వైపు చూశాడు. నోటినిండా నురగ, లుంగీ, చేతుల్లో మాట్లాడే చీర. వీధిలో ఇళ్ళన్నీ ఖాళీ అయి అందరూ గోడ కిందికి చేరారు.

"ఆ పెట్టె ఎవరిదండీ?" అని అడిగాడు కొత్త మనిషి.

"నాది గాదు సార్! సమ్మక్క సారలమ్మ సాచ్చిగ నాది గాదు! ఒక్క పైస పెట్టి కొన్లే! తాహెరా ఖాలమ్మ వాళ్ళది! కాగితం ఉన్నది సార్, స్టాంప్ కాగితం!"

తాహెరా బేగం సందూకులోంచి తన కాపీ తెచ్చింది. కొత్త మనిషి దాన్ని చదివి, ఎందుకు చదివించారో తెలియక మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"నేను రేడియో లైసెన్సులు చూసేటోన్ని. చిన్న రేడియోలకు లైసెన్స్ తీసేసిండ్రు గానీ ఇసొంటి పెద్ద పెట్టెలకు ఉండాలె. పెట్టె ఎవరిదైతే వాళ్ళు పోస్టాఫీసుకు పోయి తీస్కోండ్రి. ఏడాదికి పది పదిహేను రూపాయలు, అంతకంటె ఏం లేదు. ఎవరి పేరు రాస్కోవాలె?"

వెంకట్రాజం గోడ మీదే కూర్చుండిపోయాడు. నాది అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ సమ్మక్క మీద ఒట్టు ఇంకా గాలిలోనే ఉంది. వీధంతా సాక్ష్యం నిలబడి ఉంది. నురగ మింగేశాడు.

"మాదే సార్. తాహెరా బేగం అని రాస్కోండ్రి," అంది తాహెరా బేగం.

పెట్టె గోడ అవతలే దిగింది, మర్నాడే ఆమె పేరు మీద లైసెన్స్ వచ్చింది. సాయంత్రం వెంకట్రాజం మెల్లగా గోడ దగ్గర దగ్గాడు.

"ఖాలమ్మా, పెట్టె మల్ల మా ఇంట్ల పెట్టుమంటవా?"

"వద్దు బేటా. లైసెన్స్ ఉన్న కాడనే పెట్టె ఉండాలె. ఇన్ని దినాలు కండ్లల్ల పెట్టుకొని కాపాడినవ్, అల్లా నిన్ను చల్లగ జూడాలె," అని ఆమె గిన్నెనిండా సేమ్యా పాయసం ఇచ్చి పంపింది. పదేళ్ళ కోరికకు బదులుగా దొరికిన పాయసం ఆయనకు గొంతు దిగలేదు.

తర్వాత మూడు నెలలు ఆయన పడిన బాధ పగవాడికి కూడా వద్దు. నిజం చెబితే దొంగ ఒట్టు బయటపడుతుంది. చెప్పకపోతే పెట్టె పోతుంది. గౌస్ పాషాకు దొంగచాటుగా మూడు ఉత్తరాలు రాశాడు, జవాబు లేదు. ఉత్తరాలు కస్టమ్స్ వాళ్ళకు దొరికాయేమోనని కొత్త ఫికర్ పట్టుకుని జ్వరం వచ్చింది. దవాఖానలో సూదులు వేశారు, మాత్రలిచ్చారు, ఏం రోగమో చెప్పలేకపోయారు. గోడ అవతల మాత్రం రోజూ సాయంత్రం కిలకిలా నవ్వులు వినబడేవి. తన పెట్టె అక్కడ సుఖంగా ఉందని తెలిసి ఆయనకు ఏడుపు వచ్చేది.

కార్తీకంలో కువైట్ నుంచి వచ్చినవాళ్ళెవరో కొత్త క్యాసెట్ తెచ్చారు. తాహెరా బేగం వీధినంతా పిలిచింది. కట్టమ్మ ముందే పోయి చాప మీద కూర్చుంది. పోతే ఏం వినాల్సి వస్తుందో, పోకపోతే ఏం చెప్పుకుంటారో అని ఫికర్ పడుతూ వెంకట్రాజం గడప దగ్గర నిలబడ్డాడు. అనీస్ బేగం బొత్తాం నొక్కింది.

"అమ్మీ, సలాం. ఒక ముచ్చట నీకు చెప్పకుంట దాచిన, మాఫ్ చెయ్యి. ఆ పెట్టె మనది గాదు. రాజంకు అమ్మిన. పూర పైసలు తీసుకున్న. సుంకం పడ్తదని భయపడి వాడే నాతోటి ఒట్టు వేయించుకున్నడు..."

అనీస్ బేగం కంగారుగా టేపు ఆపింది. అందరి కళ్ళూ గడప వైపు తిరిగాయి.

"సమ్మక్క మీద ఒట్టేస్తివి గదయ్యా!" అని పూలమ్మ బుగ్గ నొక్కుకుంది.

తాహెరా బేగం ముఖం చిన్నబోయింది. "పైసలు పోసి కొనుక్కున్న నీ సొమ్ము ఇన్నాళ్ళు నా ఇంట్ల పెట్టుకున్ననా? గంత ఇదైతే నోరిడిసి చెప్పొద్దా బేటా? తీస్కపో," అని పెట్టెను తానే ఎత్తి ముందు పెట్టింది.

వెంకట్రాజం సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా చేతులు వాటంతటవే చాచుకున్నాయి. అప్పుడు రెండేళ్ళ పిల్ల వచ్చి పెట్టెను కావలించుకుంది. నాన్నను ఎక్కడికో తీసుకుపోతున్నారని దాని ఏడుపు. ఆయన చేతులు ఆగిపోయాయి. ఎంత ఫికర్ మనిషైనా రాయి కాదు కదా.

"ఉండనీ ఖాలమ్మా," అన్నాడు చేతులు వెనక్కి తీసుకుని. "పెట్టె మీకే ఉండనీ. పాటలు నేను రేడియోల ఇనుకుంట."

చాప మీద అందరూ ఆహా అన్నారు. పూలమ్మ కూడా ఒట్టు సంగతి మరిచిపోయి మెచ్చుకుంది. మూడు నెలల తర్వాత వెంకట్రాజం మొదటిసారి నడుము నిటారుగా చేసి నిలబడ్డాడు. కట్టమ్మ వైపు గొప్పగా చూశాడు. ఆమె అనీస్ బేగంతో, "మిగిలింది గూడ వెయ్యి బిడ్డా," అంది.

గౌస్ పాషా గొంతు మళ్ళీ మొదలైంది.

"ఇప్పుడు అమ్మీ పెట్టె తీస్కపొమ్మంటది. వాడు ముందుగాల చేతులు చాపుతడు. మల్ల మా బిడ్డ మొఖం జూసి ఉండనీ ఖాలమ్మా అంటడు. ఇది నా మాట గాదు, కట్టమ్మ వదినె మాట. మీరు నాకు జవాబు నింపి పంపిన క్యాసెట్ రెండో పక్క, మీరు ఇంట్ల లేనప్పుడు పూర ఆమెనే మాట్లాడి నింపింది. రాజం ఉత్తరాలకు జవాబు రాయొద్దన్నది గూడ ఆమెనే. వదినా, నువ్వు చెప్పినట్టే పెట్టెకు బదులు మా సేఠ్ ఇంట్ల వాడిన మిక్సీ పార్సిల్ చేసిన. పాతది, అమ్మింది, ధర ఇంత అని ఉన్నదున్నట్టు రాసిన. సుంకం పైసలు వేరే పంపిన. ముట్టినయా వదినా?"

"ముట్టినయ్ తమ్మీ. నెలయింది," అని కట్టమ్మ పెట్టెకే జవాబు చెప్పింది.

వెంకట్రాజం గడప పట్టుకున్నాడు. "మిక్సీనా? నెలయిందా? ఏడున్నది?"

"వంటింట్ల. నువ్వు నౌకరికి పోయినంక పచ్చళ్ళు, తొక్కులు అండ్లనే తిప్పుతాన. ఇంట్ల ఉన్నంత సేపు నువ్వు వాకిలి దిక్కే జూస్తివి గానీ వంటింటి దిక్కు ఎన్నడు జూసినవ్?"

"మరి సుంకం?"

"కట్టిన. పోస్టాఫీసోళ్ళు చీటి పంపిండ్రు, పోయిన, పైసలు కట్టిన, పార్సిల్ ఇచ్చిండ్రు. నీ జ్వరానికి దవాఖానల పోసినంత గూడ కాలే."

కొంగు ముడి విప్పి రసీదు తీసి ఇచ్చింది. వెంకట్రాజం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముద్ర ఉంది, తారీఖు ఉంది, దస్కతు ఉంది. రసీదులు రాసిన ఇరవై ఏళ్ళ అనుభవంతో ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. చాప మీద నవ్వులు మొదలై గల్లీ దాకా పోయాయి. తాహెరా బేగం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆఖరికి ఆయనకూ నవ్వొచ్చింది, కొంచెం ఆలస్యంగా.

రసీదును జాగ్రత్తగా మడిచి భార్య చేతికి ఇచ్చాడు. ఉన్నట్టుండి బాగా ఆకలి వేసింది.

"ఇయ్యాల ఏం తొక్కు చేసినవ్?" అని ఎవరికీ వినబడకుండా అడిగాడు.